అమెరికా ఎలక్టోరల్ ఓట్లు: అపోహలు - వాస్తవాలు

న్యూస్ డెస్క్‌లో అమెరికా ఎన్నికల లెక్కలు చూడటం నా పని. నవంబర్ వచ్చిందంటే ఫోన్లు మొదలవుతాయి. పిల్లలు డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్నవాళ్లకైతే అభ్యర్థుల కంటే ఎక్కువ టెన్షన్. అక్కడ అధ్యక్షుణ్ని ఎన్నుకునేది నేరుగా జనం ఓట్లు కాదు, రాష్ట్రాల తరఫున ఎలక్టర్లు అనే ప్రతినిధులు వేసే ఎలక్టోరల్ ఓట్లు. ప్రతి రాష్ట్రానికి దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో ఎందరు సభ్యులుంటే అన్ని, ఇద్దరు సెనేటర్ల లెక్కన మరో రెండు. మొత్తం 538లో 270 వస్తే గెలుపు.

అపోహ: రాష్ట్రంలో గెలిచినవారికే అక్కడి ఎలక్టోరల్ ఓట్లన్నీ అని రాజ్యాంగంలోనే ఉంది.

వాస్తవం: లేదు. ఎలక్టర్ల ఎంపిక ఎలాగన్నది రాష్ట్ర శాసనసభల ఇష్టం. సౌత్ కరోలినాలో 1860 దాకా శాసనసభే వాళ్లను ఎన్నుకునేది, జనానికి ఓటే లేదు. ఇప్పటికీ మెయిన్, నెబ్రాస్కా రెండు ఓట్లు రాష్ట్ర విజేతకిచ్చి, మిగతావి ప్రతినిధుల సభ నియోజకవర్గానికొకటి చొప్పున అక్కడ గెలిచినవారికి పంచుతాయి. 2024లో నెబ్రాస్కా ట్రంప్‌దే అయినా, ఒమాహా నగరమున్న నియోజకవర్గం ఓటు హారిస్‌కు వెళ్లింది అందుకే.

అపోహ: తక్కువ ఓట్లొచ్చినవాళ్లు గెలిచేది చిన్న రాష్ట్రాలకిచ్చే అదనపు వాటా వల్లే.

వాస్తవం: ఒక్కోసారి. సెనేటర్ల లెక్కన వచ్చే రెండేసి ఓట్లను రాజధాని వాషింగ్టన్ డీసీతో సహా అందరికీ తీసేసి చూడండి. 2000లో ఓడిన గోర్‌కు 225, గెలిచిన బుష్‌కు 211, ఫలితం తారుమారు. 2016లో మాత్రం ట్రంప్ 246, హిల్లరీ క్లింటన్ 190, గెలుపు ట్రంప్‌దే. దేశం మొత్తమ్మీద ఆమెకు 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చాయి. కానీ మిషిగన్, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్‌లలో కలిపి 80 వేలలోపు తేడాతో 46 ఎలక్టోరల్ ఓట్లు గంపగుత్తగా పోయాయి.

అపోహ: అన్ని రాష్ట్రాలూ నెబ్రాస్కా దారి పడితే న్యాయం జరుగుతుంది.

వాస్తవం: బాగా చదువుకున్నవాళ్లే ఈ మాట ఎక్కువగా అంటారు. 2012లో ఒబామా దాదాపు 50 లక్షల ఆధిక్యంతో 332-206గా గెలిచారు. అవే ఓట్లను నియోజకవర్గాలవారీగా పంచితే గెలిచేది రామ్నీ! పెన్సిల్వేనియానే తీసుకోండి. రాష్ట్రం ఒబామాది, 18 నియోజకవర్గాల్లో 13 రామ్నీవి. ఒబామాకు దక్కిన 20 ఓట్లు ఏడుకు పడిపోయేవి. నియోజకవర్గాల సరిహద్దులు గీసేది చాలాచోట్ల అధికార పార్టీయే మరి.

అపోహ: 2020లో బైడెన్‌ది నల్లేరు మీద నడక.

వాస్తవం: 70 లక్షల ఆధిక్యం ఉన్నమాట నిజం. కానీ అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్‌లలో కలిపి తేడా 43 వేలలోపే. ఆ మూడూ ట్రంప్ వైపు తిరిగుంటే 269-269, ఎవరికీ మెజారిటీ లేదు. అప్పుడు తేల్చాల్సింది ప్రతినిధుల సభ, అదీ రాష్ట్రానికి ఒక్క ఓటు చొప్పున. సభలో బైడెన్ పార్టీ డెమొక్రాట్లదే మెజారిటీ అయినా, రాష్ట్రాల లెక్కలో ట్రంప్ పార్టీ రిపబ్లికన్లదే పైచేయి.