మూడో నెల దిగులు గురించి మన పిల్లలకు

చిరంజీవులకు,

బరంపురం నుంచి మీ పెదనాన్న ఆశీస్సులు. ఈ ఏడాది మన వీధుల నుంచి, అటు పర్లాకిమిడి, రాయగడ నుంచి కూడా చాలామంది పిల్లలు పైచదువులకు బయటి దేశాలకు బయల్దేరుతున్నారని విన్నాను. కొందరికి వీసాలు వచ్చేశాయి, కొందరు ఇంకా బ్యాంకు చుట్టూ తిరుగుతున్నారు. సూట్‌కేసులో ఏం పెట్టుకోవాలో చెప్పేవాళ్లు మీకు బోలెడుమంది ఉన్నారు. ఆవకాయ, కుక్కరు, కందిపొడి సంగతి మీ అమ్మలు చూసుకుంటారు. నేను రాస్తున్నది మూడో నెలలో వచ్చే దిగులు గురించి. దాని గురించి ముందుగా చెప్పేవాళ్లు తక్కువ. అందుకే అది వచ్చినప్పుడు పిల్లలు బెంబేలెత్తిపోయి, లోపమంతా తమలోనే ఉందనుకుంటారు.

దీన్ని కల్చర్ షాక్ అంటారని మీకు తెలుసు. ఆ మాటకు ప్రచారం తెచ్చింది కలెర్వో ఓబర్గ్ అనే మానవ శాస్త్రవేత్త. ఫిన్లాండ్ నుంచి కెనడాకు వలస వచ్చినవాళ్ల బిడ్డ. 1954లో బ్రెజిల్‌లో, రియో డి జనీరోలో దీని మీద ఉపన్యాసం ఇచ్చాడు. అది 1960లో వ్యాసంగా అచ్చయింది. పుట్టి పెరిగిన చోట మనల్ని నడిపించేవి చిన్న చిన్న గుర్తులని ఆయన అన్నాడు. ఎప్పుడు చెయ్యి కలపాలి, ఎవరు పిలిస్తే వెళ్లాలి, ఎవరి మాట నిజంగా పట్టించుకోవాలి, ఎవరిది మర్యాదకన్న మాటగా వదిలెయ్యాలి, ఇవన్నీ మనం ఆలోచించకుండానే చేస్తాం. కొత్త దేశంలో ఆ గుర్తులన్నీ ఒక్కసారిగా పోతాయి. పాలు కొనడం దగ్గర్నుంచి ప్రతిదీ ఆలోచించి చెయ్యాల్సి వస్తుంది. సాయంత్రానికి ఒళ్లు అలవకపోయినా మనిషి అలిసిపోతాడు.

ఆయన రాసిన లక్షణాలు చదివితే మీకు ఆశ్చర్యం వేస్తుంది. అస్తమానం చేతులు కడుక్కోవడం, తాగే నీళ్ల మీద, తిండి మీద అనుమానం, అందరూ మోసం చేస్తున్నారన్న భయం, కాస్త ఆలస్యానికే పట్టలేని కోపం, శూన్యంలోకి చూస్తూ కూర్చోవడం, ఇంటికి వెళ్లిపోవాలన్న తపన. ఇవి తమలో కనిపిస్తే పిల్లలు తాము పిరికివాళ్లమనుకుంటారు. డెబ్బై ఏళ్ల కిందటే ఒక పెద్దమనిషి వీటిని వరసగా రాసి పెట్టాడని తెలిస్తే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

ఇంకో సంగతి. లీస్‌గార్డ్ అనే నార్వే పరిశోధకుడు, అమెరికా వెళ్లొచ్చిన రెండు వందల మంది నార్వే వాళ్లను విచారించి 1955లో రాశాడు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్లు బాగానే ఉన్నారు. ఏడాదిన్నర దాటినవాళ్లూ బాగానే ఉన్నారు. ఇబ్బంది పడిందల్లా మధ్యవాళ్లు. అందరికీ ఇదే లెక్కలో జరగదని, కొందరికి దిగిన మొదటి రోజునుంచే కష్టంగా ఉంటుందని తర్వాతివాళ్లు తేల్చారు. నిజమే. మన పిల్లలకు మూడో నెలలోనే రావచ్చు. కానీ మొదట్లో అంతా బాగుండి తర్వాత కుంగిపోవడం మామూలేనన్న సంగతి మాత్రం మనసులో పెట్టుకోండి. మీ అమ్మానాన్నలు విమానాశ్రయంలో ఏడ్చి, మొదటి నెల మీ ఫొటోలు చూసి స్థిమితపడే సరికి మీకు అసలు కష్టం మొదలవుతుంది.

మా చిన్నమ్మాయి, మీ అక్క, జర్మనీలో ఎం.ఎస్. చదివింది కాబట్టి నాకు తెలిసిన ఆ దేశం సంగతే చెబుతాను. అక్కడ పాఠాలు ఎక్కువగా అక్టోబరు మధ్యలో మొదలవుతాయి. అంటే మూడో నెల సరిగ్గా డిసెంబరు. బెర్లిన్‌లో డిసెంబరులో ఎనిమిది దాటాక తెల్లారుతుంది, నాలుగు కొట్టకముందే పొద్దు గూకుతుంది. మన బరంపురంలో ఎంత చలికాలమైనా సాయంత్రం ఐదింటి దాకా ఎండ ఉంటుంది. అక్కడ పిల్లలు చీకట్లో క్లాసుకు వెళ్లి చీకట్లోనే గదికి వస్తారు. చలికాలంలో వాళ్లకూ మనకూ నాలుగున్నర గంటల తేడా. వంట ముగించుకుని రాత్రి ఎనిమిదికి ఫోను పట్టుకుంటే ఇక్కడ పన్నెండున్నర, అమ్మ నిద్రపోయి ఉంటుంది. ఆదివారం దుకాణాలు ఉండవు, అది చట్టం. రాత్రి పది దాటితే చప్పుడు చెయ్యకూడదు. ఇక క్రిస్మస్ వస్తే హాస్టల్లో ఉన్న జర్మన్ పిల్లలంతా ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. 24 మధ్యాహ్నానికి అంగళ్లు మూస్తారు, 25, 26 సెలవు. సరుకులు ముందే తెచ్చుకోని మన పిల్లలు ఖాళీ వరండాలో, బ్రెడ్డు ముక్కతో పండగ మూడు రోజులూ గడుపుతారు. వీటిలో ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ ఒకే నెలలో మీద పడతాయి.

ఆ రోజుల్లోనే మీ అక్కకు వంటింట్లో ఒక గొడవ జరిగింది. అక్కడ నలుగురైదుగురికి ఒకే వంటిల్లు. ఎవరి అలమర వాళ్లది, ఎవరు ఏ వారం తుడవాలో గోడ మీద కాగితం. మీ అక్క పప్పుచారుకు ఇంగువ పోపు వేస్తుంటే పక్క గది అమ్మాయి వచ్చి, నవ్వకుండా, "ఈ వాసన నాకు పడదు. తలుపు వేసుకుని, కిటికీ తీసి వండు" అని వెళ్లిపోయింది. మీ అక్క స్టవ్వు కట్టేసి గదిలోకి వెళ్లి ఏడ్చింది. మన దగ్గర అలా అన్నారంటే ఇక మాటల్లేవనే అర్థం. వారం తిరక్కుండానే ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర్నుంచి జర్మన్‌లో ఒక ఉత్తరం వస్తే, ఆ అమ్మాయే వచ్చి పక్కన కూర్చుని లైను లైనూ చదివి చెప్పి, జవాబు కూడా రాయించింది. ఆమె దృష్టిలో గొడవే జరగలేదు. కిటికీ తియ్యమంది, తీశారు, అయిపోయింది. అక్కడ చాలామంది ఉన్నమాట ముఖం మీదే అంటారు, మనసులో పెట్టుకోరు. మనవాళ్లు పైకి అనరు, లోపల పెట్టుకుంటారు. ఏది మంచిదని నన్నడిగితే నేను చెప్పలేను. ఎదుటివాళ్ల మాటను వాళ్ల లెక్కలో చూడండి, మన లెక్కలో చూసి కుమిలిపోకండి.

ఆంధ్రా, ఒడిశా సరిహద్దు పిల్లలుగా మీకు ఒక బలం ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ. రెండేళ్లకోసారి మన ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి యాత్ర వస్తే మన ఇళ్లలోనూ అదే హడావిడి, వేషాలు కట్టే పిల్లల్లో మనవాళ్లూ ఉంటారు. ఒడియా మీకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఆటల్లో తప్పు మాట్లాడారు, తోటి పిల్లలు నవ్వారు, మీరూ నవ్వి మళ్లీ ఆడారు. ఆ గుణం చాలా విలువైంది. పాతికేళ్లకు బిడియం వచ్చి దాన్ని మరిచిపోతారు. జర్మన్ ముక్కలు తప్పుగానైనా మాట్లాడండి. చదువు ఇంగ్లీషులోనే కదా అని ఊరుకోకండి, బేకరీ, బస్సు, పక్కింటి ముసలావిడ ఇంగ్లీషులో నడవరు. అలాగని ఆ బలాన్ని చూసుకుని ధీమాగా ఉండొద్దు. ఇక్కడ మీరు ఒడియాలో తడబడితే కొట్టువాడు తెలుగులోకి దిగుతాడు. మీ తాతగారిని ఎరిగినవాడు వీధికొకడు ఉంటాడు. అక్కడ మీకు తెలియదన్న సంగతే ఎవరికీ తెలియదు. మీరే అడగాలి.

వి.వి. గిరిగారు మన బరంపురంలోనే పుట్టారు, 1894లో. 1913లో లా చదవడానికి ఐర్లాండు, డబ్లిన్ వెళ్లారు. ఓడ ప్రయాణం, ఇంటి నుంచి ఉత్తరం రావాలంటే వారాలు. ఆయన గదిలో ముడుచుకుని పుస్తకాలతో సరిపెట్టుకోలేదు. అక్కడివాళ్లతో కలిసిపోయి, వాళ్ల స్వాతంత్ర్య పోరాటాన్ని, కార్మిక ఉద్యమాన్ని దగ్గరగా చూశారు. 1916లో ఐరిష్ తిరుగుబాటు తర్వాత ప్రభుత్వం దేశం విడిచి వెళ్లమంటే తిరిగి వచ్చారు. వచ్చాక బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు సంఘం కట్టారు, చివరికి రాష్ట్రపతి అయ్యారు. మీరు ఉద్యమాల్లోకి దూకమని చెప్పడం లేదు, వీసా జాగ్రత్త. కానీ వారానికి ఒక్కసారైనా తెలుగువాళ్లు లేని చోట గంటసేపు గడపండి. యూనివర్సిటీ ఆటల క్లాసులకు ఫీజు తక్కువ, చేరండి. వాలీబాల్ ఆడుతుంటే స్నేహం దానంతటదే వస్తుంది. తెలుగు స్నేహితులను వదులుకోమని కాదు, జ్వరమొస్తే చారన్నం తెచ్చిపెట్టేది వాళ్లే. ఆ గుంపు తప్ప ఇంకేమీ లేకుండా రెండేళ్లు గడిపితే మాత్రం మీరు దేశం మారినట్టు కాదు, గది మారినట్టే.

చదువు గురించి రెండు ముక్కలు. అక్కడ 1.0 అంటే అన్నిటికంటే మంచి మార్కు, 5.0 అంటే తప్పినట్టు. చాలా సబ్జెక్టులకు చివరి పరీక్ష ఒక్కటే. ప్రొఫెసరు చెప్పింది సరికాదనిపిస్తే అడగొచ్చు, అది పొగరు కాదు. ఇంకొకరి వాక్యాలు తీసుకుని పేరు చెప్పకపోతే మాత్రం దొంగతనం కిందే లెక్క.

ఇప్పుడు డబ్బు. పిల్లలు ఎక్కువగా నలిగిపోయేది ఇక్కడే. జర్మనీ వీసాకు 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు ఖాతాలో చూపించాలి, అందులోంచి నెలకు 992 తీసుకోవచ్చు. ఆ సొమ్ము కోసం చాలా ఇళ్లలో లోను తీస్తున్నారు, స్థలం తాకట్టు పెడుతున్నారు. ఆ సంగతి పిల్లల మెదడులో గంట కొడుతూనే ఉంటుంది. కాఫీ తాగినా రూపాయల్లోకి మార్చి గుటక వేస్తారు. "నాన్న అంత అప్పు చేసి పంపితే నేను ఏడుస్తున్నానని ఎలా చెప్పను" అని నోరు కట్టేసుకుంటారు. ఫోనులో "తిన్నావా" అంటే "తిన్నాను", "బాగున్నావా" అంటే "బాగున్నాను". రెండు వైపులా ప్రేమతోనే అబద్ధాలాడతారు.

అందుకని వెళ్లకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. అప్పు ఎంత, ఎప్పటికి తీరాలి, ఒక సబ్జెక్టు తప్పితే ఏం చేద్దాం, నిజంగా పడకపోతే తిరిగి రావచ్చా. ఈ చివరి ప్రశ్నకు తల్లిదండ్రులు "రావచ్చు" అని నోటితో అనాలి. అలా అన్న ఇంటి పిల్లలు తొందరపడి తిరిగి రావడం నేను చూడలేదు. దారి ఉందని తెలిస్తే నిలబడగలుగుతారు. ఫోనుకు వేళ కూడా పెట్టుకోండి. అక్కడ మధ్యాహ్నం భోజనాల వేళ, మనకు సాయంత్రం ఐదు, ఐదున్నర. ఇద్దరికీ కుదురుతుంది.

దిగులు వేరు, జబ్బు వేరు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా, క్లాసుకు లేవలేకపోయినా, బతకడం దేనికన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగొద్దు. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచితంగా కౌన్సెలింగ్ ఉంటుంది. జర్మనీలో 0800 1110111 నంబరుకు రాత్రీపగలూ డబ్బులు లేకుండా ఫోను చెయ్యొచ్చు. ప్రాణాపాయమైతే 112. ఇక్కడున్న తల్లిదండ్రులకు దిక్కు తోచకపోతే మన దేశంలో మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైను ఉంది, 14416. ఈ నంబర్లు ఇవాళే ఫోనులో వేసుకోండి, అవసరం వచ్చిన రోజు వెతికే ఓపిక ఉండదు.

ఇంకొకటి, తిరిగి వచ్చినప్పుడూ ఇలాంటిదే ఒకసారి తగులుతుంది. మీ అక్క మొదటిసారి సెలవుకు వచ్చి హారన్ల మోతకు విసుక్కుంటే వాళ్లమ్మ నొచ్చుకుంది. పది రోజుల్లో సర్దుకుంది. ఇళ్లలో పెద్దవాళ్లు దాన్ని పొగరని అనుకోవద్దని ఈ ఉత్తరం వాళ్లకూ చదివి వినిపించండి.

జర్మనీ వెళ్లేవాళ్లకు డిసెంబరు సంగతులు ఇంకా వివరంగా కావాలంటే మీ అక్క నంబరు ఇస్తాను, అడగండి. వేరే దేశాలకు వెళ్లేవాళ్లు అక్కడి పొద్దు వేళలు, సెలవు రోజులు, అద్దె ఇంటి నియమాలు ఇప్పుడే కనుక్కుని నాకూ రాయండి. వచ్చే ఏడాది వెళ్లే పిల్లలకు పనికొస్తాయి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న
బరంపురం