“ఇయ్యాల వైజాగ్ నుంచి వచ్చిందేనా?” సీఫుడ్ రేట్లపై అపోహలు - వాస్తవాలు

నల్గొండలో ఒక సీఫుడ్ రెస్టారెంట్ కిచెన్‌లో పనిచేస్తున్నా. పోయిన మిరుగు (మృగశిర కార్తె) నాడు ఒక్క పూటలో పదిమంది అడిగిండ్రు: “అన్నా, వంజరం ఇయ్యాల వైజాగ్ నుంచి వచ్చిందేనా?” కాదు. రాదు కూడా.

అపోహ: రేటు ఎక్కువుంటే తాజా సముద్రపు చేపే.

వాస్తవం: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్ల వేట బంద్. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా. మృగశిర కార్తె జూన్ 8కి అటూఇటూ వస్తుంది. అంటే మనం చేపలకు ఎగబడే రోజున రెండు తీరాల్లోనూ చాలామటుకు మరబోట్లు ఒడ్డునే ఉంటయి. ఆ రోజు ప్లేట్లో ఉండేది ఎక్కువగా ఫ్రీజర్ వంజరం, లేదంటే చెరువుల్లో పెంచిన పండుగప్ప, రొయ్య.

మామూలు రోజుల సంగతీ చూడండి. పెద్ద బోటు పోతే రోజుల తరబడి సముద్రం మీదే. మొదటిరోజు వలలో పడ్డ చేప ఐసులో పడుకొని, రేవులో వేలంపాట అయి, లారీ ఎక్కి నల్గొండ దిగేసరికి దాని వయసెంతో మీరే లెక్కేసుకోండి. పట్టగానే గడ్డకట్టించి మైనస్ 18 డిగ్రీల్లో దాచిన చేప దానికంటే నయం. చేపను పాడుచేసేది చలి కాదు, కరిగించి మళ్లీ గడ్డకట్టించుడు.

వంట నేర్చుకుంటున్న రోజుల్లో హైదరాబాద్‌లో ఒక హోటల్ల పొద్దున నా పని ఇదే: ఫ్రీజర్ చేపను కరగబెట్టి, అద్దాల పెట్టెలో ఐసు మీద పేర్చి, పక్కన నిమ్మచెక్కలు పెట్టాలి. కస్టమర్ “అగో, అది కావాలె” అని వేలు పెట్టి చూపించేటోడు. చేపకేం కాలేదు, తినొచ్చు. కానీ “ఫ్రెష్” అన్న మాటకు వేరే రేటు కట్టేటోడు. రాత్రి మిగిలింది మళ్లీ ఫ్రీజర్లకే. రెండు నెలలకు మానేసిన.

తాజాదే కావాలంటే మనకు నాగార్జునసాగర్, డిండి ప్రాజెక్టులు ఉన్నయి. వల ఎత్తిన పూటే రవ్వ, బొచ్చె దొరుకుతయి. తొట్టిలో కదిలే కొర్రమట్టకు నాలుగు పైసలు ఎక్కువ పెట్టినా నేను కాదనను.

అపోహ: అపోలో ఫిష్ అంటే కొర్రమీనే. ఒకప్పుడు. ఇప్పుడు చాలాచోట్ల బాసా అనే చవకరకం పెంపకపు చేప. కారం, పెరుగు, కరివేపాకు పట్టినంక నాలుకకు తేడా దొరకదు. దానికి పెద్ద హోటల్ రేటు దండగ.

అపోహ: మెనూలో రేటు చేప మొత్తానికి. కింద చిన్నక్షరాల్లో “100 గ్రాములకు” అని ఉంటది. మొన్న ఒక పిల్లగాడు మొదటి జీతంతో అమ్మానాయినలను తీసుకొచ్చిండు. పండుగప్ప 190 అనుకున్నడు. చేప కిలో 200 గ్రాములు, బిల్లు 2,280. నాయిన ముందు నోరు మెదపలేక చెవులు ఎర్రబడ్డయి. ఓనర్‌తో మాట్లాడి కొంత తగ్గించినం గానీ, ఆ పిల్లగాని మొహం ఇంకా యాదికొస్తది. తూకం మీ కళ్లముందే వేయించుకోండి. కడగకముందా, కడిగినంకా అని అడగండి. అడిగితే నామోషీ ఏం లేదు.

అపోహ: రొయ్యలు బజార్లో సగం రేటుకే వస్తయి, హోటలోళ్లు దోచుకుంటుండ్రు. తల, పొట్టు తీస్తే కిలోకు మిగిలేది ఇంచుమించు అరకిలో. పీతలో ఇంకా తక్కువ. ఇందులో మమ్మల్ని తిట్టి లాభం లేదు.

సర్వీస్ చార్జి తప్పనిసరి కాదు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. తీసేయమనండి. జీఎస్టీ వేరే సంగతి, అది కట్టాల్సిందే.



నా పైసలతో నేను పోతే మాత్రం పెద్ద పీతే చెప్తా, ఇంట్లో దాన్ని పగలగొట్టి కడిగే ఓపిక నాకు లేదు. చేపల పులుసు ఎప్పుడూ చెప్పను. మా అమ్మ రాత్రి వండి పొద్దున తినమనేది. పొద్దటిదాకా కూర్చోనిచ్చే హోటల్ నాకింకా దొరకలే.