తర్వాతి బీటా ఎప్పుడు? ఒక యాప్ టెస్టర్ నోటుబుక్‌లోంచి అపోహలు, వాస్తవాలు

జూన్ వచ్చిందంటే నాకు ఒకటే ప్రశ్న పదే పదే వస్తుంది: "అన్నా, తర్వాతి బీటా ఎప్పుడు?" బీటా అంటే ఫోన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌ని అందరికీ ఇచ్చేముందు ఆపిల్ లాంటి కంపెనీలు పరీక్ష కోసం వదిలే కాపీ. అడిగేవాళ్లలో మా ఆఫీసు కుర్రాళ్లున్నారు, కొత్త ఫోన్ కొన్న బావమరిది ఉన్నాడు, డల్లాస్‌లో ఉండే పిన్ని కొడుకు కూడా ఉన్నాడు. నేను హైదరాబాద్‌లో ఐఫోన్ యాప్‌లు టెస్ట్ చేస్తాను. కొత్త బీటా దిగిన రాత్రే మా యాప్ దాని మీద తెరుచుకుంటోందా, లాగిన్ అవుతోందా, ఓటీపీ పడుతోందా చూసుకోవాలి. ఎవరిని ఏ రాత్రి ఆపాలో ముందే తేలాలి కాబట్టి తేదీ ఊహించక తప్పదు. ఏటా ప్రతి బీటా తేదీని ఒక నోటుబుక్‌లో రాసిపెట్టుకుంటాను. దాన్ని ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను. ఎక్కువగా ఆపిల్ ఐఫోన్లని నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ గురించే ఉంటుంది. ఆండ్రాయిడ్ పద్ధతి వేరు, దాని గురించి తర్వాత కొంచెం.

అపోహ: బీటా రెండు వారాలకోసారి వస్తుంది.

జూన్, జూలైల్లో ఇది చాలావరకు నిజమే. 2025లో ఐఓఎస్ 26 బీటాలు జూన్ 9, జూన్ 23, జూలై 7, జూలై 22, ఆగస్టు 5 తేదీల్లో వచ్చాయి. మధ్యలో ఎడం 14, 14, 15, 14 రోజులు. ఇక్కడిదాకా చూసినవాళ్లు ఆరో బీటా ఆగస్టు 19న అని లెక్క కట్టేస్తారు. అది ఆగస్టు 11నే దిగింది. ఆ తర్వాత 18న ఒకటి, 25న ఒకటి, సెప్టెంబర్ 2న ఇంకొకటి.

ఆగస్టులో ఎందుకింత వేగం అంటే, అసలు గడువు సెప్టెంబర్‌లో ఉంది. కొత్త ఐఫోన్లు ఆ నెలలో అమ్మకానికి రావాలి, సాఫ్ట్‌వేర్ అప్పటికి సిద్ధంగా ఉండాలి. జూన్, జూలైల్లో ఫీచర్లు ఇంకా మారుతుంటాయి, డిజైన్ కదులుతుంటుంది, ఒక్కో బిల్డ్‌కి, అంటే తయారుచేసి పంపే ఒక్కో కాపీకి, టైమ్ పడుతుంది. ఆగస్టుకొచ్చేసరికి కొత్తవి చేర్చడం దాదాపు ఆపేసి బగ్‌లు ఏరడం మీద పడతారు. చిన్న మార్పులు, చిన్న బిల్డ్‌లు, వారానికొకటి. అందుకే నేను జూన్ నుంచి ముందుకు లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. సెప్టెంబర్ నుంచి వెనక్కి లెక్కపెడతాను. ఇది పెళ్లి పనుల్లాంటిది. ముహూర్తం ఖాయమయ్యాక శుభలేఖలు ఎప్పుడు పంచాలో, పందిరి ఎప్పుడు వేయాలో అక్కణ్నుంచి వెనక్కే కదా చూసుకుంటాం!

అపోహ: క్యాలెండర్ చూసి తేదీ చెప్పేయొచ్చు.

ఏ క్యాలెండర్? నేను మోసపోయింది ఇక్కడే. 2023లో ఐఓఎస్ 17 మొదటి బీటా జూన్ 5న, సోమవారం వచ్చింది. రెండు వారాలు కలిపి జూన్ 19, సోమవారం అన్నాను. ఇద్దరు ఆఫీసు కుర్రాళ్లని రాత్రి ఆపాను, బిర్యానీ కూడా తెప్పించాను. పన్నెండయింది, ఒంటిగంటయింది, ఏమీ రాలేదు. జూన్ 19 అమెరికాలో జూన్‌టీన్త్ సెలవు. మన గోడ మీది క్యాలెండర్‌లో అది ఉండదుగా! బీటా బుధవారం, 21న దిగింది. బిర్యానీ దండగ అనను గానీ, ఆ ఇద్దరూ ఇప్పటికీ గుర్తుచేస్తుంటారు.

అప్పట్నుంచి నోటుబుక్ మొదటి పేజీలోనే అమెరికా సెలవులు రాసుకుంటున్నాను. జూలై 4 స్వాతంత్ర్య దినం, అందుకే ఆ ఏడాది మూడో బీటా జూలై 5న వచ్చింది. సెప్టెంబర్ మొదటి సోమవారం లేబర్ డే. 2025లో అది సెప్టెంబర్ 1న పడింది, తొమ్మిదో బీటా మర్నాడు మంగళవారం వచ్చింది. నవంబర్ నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్. ఇక డిసెంబర్‌లో క్రిస్మస్ సెలవుల ముందే పెద్ద అప్‌డేట్ బయటికి పంపేసి చేతులు దులుపుకుంటారు. ఐఓఎస్ 17.2, 18.2 రెండూ వేర్వేరు ఏళ్లలో డిసెంబర్ 11నే వచ్చాయి.

అపోహ: ఇండియాకి ఆలస్యంగా ఇస్తారు.

ఐఓఎస్ బీటా అన్ని దేశాలకీ ఒకేసారి తెరుచుకుంటుంది. తేడా గడియారంలోనే. మామూలుగా కాలిఫోర్నియాలో ఉదయం పది గంటలకి వదులుతారు, అంటే మనకి రాత్రి పదిన్నర. అక్కడ నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి ఆ తర్వాత మార్చిదాకా మనకి పదకొండున్నర. పగలంతా సెట్టింగ్స్ తెరిచి కిందికి లాగుతూ కూర్చోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. రాత్రి పదిన్నరకి చూడండి, పదకొండుకి కూడా రాకపోతే పడుకోండి. జూన్‌లో మొదటి బీటాకి మాత్రం ఈ లెక్క కుదరదు. అది ఆపిల్ జూన్ సదస్సు ప్రారంభ ప్రసంగం (కీనోట్) అయ్యాక వస్తుంది, అప్పటికి మనకి అర్ధరాత్రి అవుతుంది, తేదీ కూడా మారిపోతుంది. మా అమ్మ లెక్కలో ఇదంతా నైట్ డ్యూటీయే. "అమెరికా వాడి ఫోన్ బాగవడానికి నువ్వెందుకురా మేలుకోవడం" అంటుంది.

అపోహ: బిల్డ్ నంబర్ చివర "ఏ" అక్షరం వచ్చిందంటే ఇక ఫైనలే.

ఇందులో సగం నిజం ఉంది, అందుకే అంత గట్టిగా పాతుకుపోయింది. బీటా బిల్డ్ నంబర్ చివర ఇంగ్లిష్ చిన్నక్షరం ఒకటి ఉంటుంది. తొలి బీటాల్లో అది వరసలో ఎక్కడో దూరంగా ఉండి, రోజులు గడిచేకొద్దీ "ఏ" వైపు జరుగుతుంది. ఐఓఎస్ 17 మొదటి బీటాకి చివర "వీ" ఉండేది. కానీ ఏడో బీటాకి "ఏ" వచ్చింది, ఎనిమిదో బీటాకీ "ఏ"నే వచ్చింది. ఆ తర్వాత అసలు విడుదలకి ఇంకో మూడు వారాలు పట్టింది. దగ్గర పడిందని ఆ అక్షరం చెబుతుంది, తేదీ చెప్పదు. చివర అక్షరమే లేని బిల్డ్ వస్తే, అంటే ఆర్‌సీ (రిలీజ్ క్యాండిడేట్, విడుదలకి సిద్ధమైన కాపీ) వస్తే, అప్పుడు నమ్మొచ్చు. ఈమధ్య ఏళ్లలో ఆర్‌సీకి, అందరికీ విడుదలకి మధ్య వారం దాకా టైమ్ ఇస్తున్నారు. 2020లో అదీ లేదు. ఐఓఎస్ 14 చివరి బిల్డ్ సెప్టెంబర్ 15న ఇచ్చి, 16నే అందరికీ వదిలేశారు. యాప్‌లు చేసేవాళ్లందరికీ ఆ రాత్రి నిద్ర లేదు.

అపోహ: ఎనిమిది బీటాలే వస్తాయి.

ఐఓఎస్ 13 నుంచి 18 దాకా ఎనిమిదేసి వచ్చిన మాట నిజం. ఐఓఎస్ 12కి పన్నెండు, ఐఓఎస్ 26కి (18 తర్వాత నంబర్ నేరుగా 26కి దూకింది) తొమ్మిది వచ్చాయి.

అపోహ: బీటా ఆలస్యమైతే లోపల ఏదో పెద్ద సమస్య ఉన్నట్టే.

2023లో మూడో బీటా తర్వాత నాలుగోది రావడానికి 20 రోజులు పట్టింది. "ఐఓఎస్ 17 వాయిదా" అని వీడియోలు పెట్టేశారు. సెప్టెంబర్ 18న అది నిక్షేపంగా విడుదలైంది. మామూలు జనం కోసం ఇచ్చే పబ్లిక్ బీటా మొదలయ్యేది కూడా ఆ జూలైలోనే, అప్పుడు ఎడం పెరగడం వింతేమీ కాదు. నిజంగా సమస్య ఉంటే చాలాసార్లు ఉల్టా జరుగుతుంది, బీటా ముందుకొస్తుంది. 2018 ఆగస్టు 13న ఐఓఎస్ 12 ఏడో బీటా ఇచ్చి, ఫోన్లు బాగా నెమ్మదిస్తున్నాయని ఆ రోజే వెనక్కి తీసుకున్నారు. ఎనిమిదోది 15న ఇచ్చేశారు.

అపోహ: ఫలానా ఛానల్ వాళ్లు ప్రతిసారీ కరెక్ట్‌గా చెప్తారు, లోపల మనుషులున్నారు.

ఆగస్టులో వారానికో బీటా వస్తున్నప్పుడు "వచ్చే వారం బీటా వస్తుంది, మా సోర్స్ చెప్పింది" అనడం శ్రావణంలో వాన పడుతుందని జోస్యం చెప్పడం లాంటిది. జూలైలో, పబ్లిక్ బీటా తేదీ విషయంలో ఎంత కరెక్టో చూడండి. నేనైతే మా టీమ్‌కి ఒక్క తేదీ ఎప్పుడూ చెప్పను. "సోమవారం కాకపోతే మంగళవారం, బుధవారం దాటితే పైవారమే" అంటాను. మూడేళ్ల తేదీలు వేలు పెట్టి చూస్తే సోమ, మంగళ, బుధవారాల్లోనే దాదాపు అన్నీ సర్దుకుంటాయి.

అపోహ: ఆండ్రాయిడ్‌కీ ఇదే లెక్క.

కాదు. గూగుల్ ఏ నెలలో ఏ దశో తానే టైమ్‌లైన్ అచ్చేసి పెడుతుంది. ఊహించే పని సగం తగ్గుతుంది. యాప్‌లు ఆధారపడే భాగాలు ఇక మారవని చెప్పే ప్లాట్‌ఫామ్ స్టెబిలిటీ అనే దశ ఎప్పుడో చూసుకుంటే మా పనికి చాలు. ఆండ్రాయిడ్ 16 ఆ దశకి 2025 మార్చి 13న, మూడో బీటాతో చేరింది. పాత అలవాటుతో శరదృతువుదాకా టైమ్ ఉందనుకున్నవాళ్లు మాత్రం దెబ్బతిన్నారు. ఆండ్రాయిడ్ 15 గూగుల్ సొంత పిక్సెల్ ఫోన్లకి 2024 అక్టోబర్ 15న వస్తే, 16 ఎనిమిది నెలలైనా కాకుండా 2025 జూన్ 10న వచ్చేసింది. మిగతా కంపెనీల ఫోన్లయితే దేశాన్ని బట్టి, మోడల్‌ని బట్టి మారతాయి, వాటి జోలికి నేను పోను.

అపోహ: శుక్రవారం బీటా రాదు.

ఇది నేను కూడా నమ్మేవాణ్ణి. 2018 ఆగస్టు 30న ఐఓఎస్ 12 పదకొండో బీటా ఉన్న ఫోన్లన్నీ ఒకటే గొడవ. లాక్ తీసిన ప్రతిసారీ "కొత్త అప్‌డేట్ వచ్చింది, ఇన్‌స్టాల్ చేసుకోండి" అని మెసేజ్. వెళ్లి చూస్తే అప్‌డేట్ ఏమీ లేదు. బీటా గడువు తీరిపోయిందని ఫోన్ తనంతట తానే పొరబడుతోంది. మా టేబుల్ మీద ఆరు ఫోన్లు ఉంటే ఆరూ అదే పాట. టెస్ట్ మధ్యలో ప్రతి స్క్రీన్‌షాట్‌లోనూ ఆ మెసేజే. సోమవారం దాకా ఇంతే అనుకుని మర్నాడు రాత్రి విజయవాడ బస్సెక్కాను. సూర్యాపేట దాటకముందే ఫోన్ మోగింది. "అన్నా, పన్నెండోది దిగింది." శుక్రవారం, ఆగస్టు 31.