తప్పు ఊపిరితిత్తులదా, గొట్టానిదా?

మత్తులో ఉన్న రోగికి గాలి ఎక్కకపోతే అనుమానం ముందు ఊపిరితిత్తుల మీదికే పోతుంది. శ్వాసనాళాలు బిగుసుకున్నాయేమో అనుకుంటారు. గాలి పంపేందుకు నోటి గుండా శ్వాసనాళంలోకి దించిన గొట్టం పూడుకుపోయినా మత్తు మిషన్ మీద కనిపించేది అదే: పెరిగే ఒత్తిడి, లోపలికి పోని గాలి. చిక్కంతా ఇక్కడే.

1878లో గ్లాస్గోలో సర్జన్ విలియం మెక్‌యూవెన్, నాలుక మొదట్లో కణితి ఉన్న రోగికి నోటి గుండా గొట్టం దించి క్లోరోఫామ్ ఇచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు మత్తిస్తూ మాగిల్ అనే మత్తు డాక్టరు రబ్బరు గొట్టాలను వాడుకలోకి తెచ్చాడు. గొట్టం చుట్టూ గాలి కారకుండా 1928లో గెడెల్, వాటర్స్ అనే మత్తు డాక్టర్లు గాలి ఊదితే ఉబ్బే బుడగలాంటి కఫ్ తగిలించారు. గెడెల్ మత్తిచ్చిన కుక్కను నీళ్లలో ముంచి మరీ నిరూపించాడు. అది బయటికొచ్చి ఒళ్లు దులుపుకుని నడిచింది. దాని పేరు 'ఎయిర్‌వే'!

కారడం ఆగింది, కొత్త బెడద మొదలైంది. ఎర్ర రబ్బరు గొట్టాలను కడిగి మళ్లీ మళ్లీ వాడేవారు. ముసలిదైన కఫ్ ఒకపక్కకు ఉబ్బి గొట్టం కొసను మూసేసేది. కొస మూసుకున్నా గాలి పోయేందుకే 1941లో మర్ఫీ అనే డాక్టరు గొట్టం పక్కన మరో రంధ్రం పెట్టాడు. మెలిక పడకుండా గోడ పొరల మధ్య తీగ చుట్టిన గొట్టాలు వచ్చాయి. పదేపదే స్టెరిలైజ్ చేస్తే వాటి పొరల మధ్య గాలి బుడగ ఏర్పడేది. మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్ వాయువు అందులోకి చేరేకొద్దీ బుడగ లోపలికి పెరిగి దారి మూసేది. పైనుంచి చూస్తే గొట్టం నిక్షేపంలా ఉంటుంది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ గొట్టాలతో ఈ గొడవలు చాలావరకు తగ్గాయి.

అన్నీ గొట్టం లోపాలే కావు. 2001లో ఇంగ్లండ్‌లో చిన్న ఆపరేషన్‌కు వచ్చిన ఓ పిల్లవాడు చనిపోయాడు. డ్రిప్ సెట్ మూత ఒకటి మత్తు మిషన్ గొట్టాల మలుపు ముక్కలో ఇరుక్కుంది. కావాలని చేశారేమోనని పోలీసులు దర్యాప్తు కూడా చేశారు. ఆ భాగాలను వాడేదాకా కవర్లలోనే ఉంచాలన్న సూచన ఆ తర్వాతిదే. మూత ఎంత చిన్నదో తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పటి పద్ధతి సూటిగా ఉంటుంది. మిషన్‌ను పక్కనపెట్టి చేత్తో నొక్కి గాలి పంపే అంబు బ్యాగును నేరుగా గొట్టానికి తగిలిస్తారు. గాలి పోతే లోపం మిషన్ వైపు. పోకపోతే గొట్టంలోకి సన్నటి సక్షన్ పైపు దించుతారు. అది దిగకపోతే కఫ్ గాలి తీసి చూస్తారు. అప్పటికీ గాలి పోకపోతే గొట్టం లాగేసి మాస్కుతో గాలి ఇస్తారు. కష్టపడి వేసిన గొట్టాన్ని లాగేయడానికి చెయ్యి రాదు, ఆలస్యం ఎక్కువగా అక్కడే జరుగుతుంది.