కాల్పుల తర్వాత ప్రార్థన: ఒక ఆసుపత్రి చాప్లెయిన్ చూసిన అపోహలు, వాస్తవాలు

2025 ఆగస్టు చివరి వారంలో గుంటూరు నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసి, "ఏమ్మా, ఆ దేశంలో ప్రార్థన చేస్తామన్నా తిడతారటగా?" అని అడిగింది. మినియాపొలిస్‌లోని అనన్సియేషన్ కాథలిక్ చర్చిలో బడిపిల్లలు ఆరాధనలో ఉండగా కిటికీల గుండా కాల్పులు జరిగాయి. ఎనిమిదేళ్ల బిడ్డ ఒకరు, పదేళ్ల బిడ్డ ఒకరు చనిపోయారు. ఆ వార్తనూ, దాని వెంటే ప్రార్థన గురించి నాయకుల మధ్య రేగిన వాగ్వాదాన్నీ ఆమె టీవీలో చూసింది. అమెరికాలో ఇలాంటి ఘటన తర్వాత నాయకులు "మా ఆలోచనలు, ప్రార్థనలు మీతో" అని సంతాపం చెబుతారు; ఆ మాట చాలదు, తుపాకుల చట్టాలు మార్చండని కొందరు విమర్శిస్తారు, అది ప్రార్థనను కించపరచడమేనని మరికొందరు బదులిస్తారు. ఫోనులో నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. నేను టెక్సాస్‌లోని ఒక ఆసుపత్రిలో చాప్లెయిన్‌ని. రోగులకూ వారి కుటుంబాలకూ, వారు ఏ మతంవారైనా, ఏ మతమూ లేనివారైనా, కష్టకాలంలో ఆధ్యాత్మికంగా తోడుండటం నా ఉద్యోగం. తుపాకీ గాయాలతో వచ్చినవారి బంధువులు డాక్టరు కోసం ఎదురుచూసే గదిలో నేను గడిపిన రాత్రులు తక్కువేమీ కావు. ఆ గదిలో కూర్చుని చూసినప్పుడు, ఈ తగవులో ఇరుపక్షాలూ చెప్పే సంగతులు కొన్ని నిలవవని నాకు అనిపిస్తుంది.

అపోహ: "ప్రార్థన చాలదు" అనేవారంతా దేవుణ్ణి నమ్మనివారు.

ఇది అన్నింటికంటే బలమైన అపోహ కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. 2023 మే 6న డాలస్ దగ్గర ఆలెన్ పట్టణంలోని ఒక మాల్‌లో ఎనిమిది మంది హత్యకు గురయ్యారు. హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న ఒక యువ ఇంజనీరు కూడా వారిలో ఉండటంతో, ఇక్కడి తెలుగువారి ఇళ్లలో ఆ వారమంతా అదే మాట. ఆ నియోజకవర్గపు కాంగ్రెస్ సభ్యుడు, రిపబ్లికన్ పార్టీకి చెందిన కీత్ సెల్ఫ్‌ను ఒక టీవీ చానల్‌లో ఈ విమర్శ గురించి అడిగినప్పుడు, అలా అనేవారు మన జీవితాలను పూర్తిగా తన అధీనంలో ఉంచుకున్న సర్వశక్తిమంతుడైన దేవుణ్ణి నమ్మనివారని ఆయన బదులిచ్చారు.

అయితే అంతకు ఆరు వారాల ముందే, నాష్‌విల్‌లోని ఒక క్రైస్తవ పాఠశాలలో ముగ్గురు పిల్లలతో సహా ఆరుగురు చనిపోయిన మర్నాడు, అమెరికా సెనేట్ సమావేశాన్ని ప్రార్థనతో ప్రారంభించిన చాప్లెయిన్ బ్యారీ బ్లాక్ ఆ ప్రార్థనలోనే, చర్చి బడిలో పసిపిల్లలు చనిపోతున్నప్పుడు మనం ఆలోచనలూ ప్రార్థనలూ దాటి ముందుకు వెళ్లవలసిన సమయం వచ్చిందని దేవుడికి విన్నవించారు. అమెరికా నౌకాదళంలో చాప్లెయిన్‌గా సేవచేసి అడ్మిరల్ స్థాయికి ఎదిగిన ఆ పాస్టరు నాస్తికుడని ఎవరూ అనలేరు. వృత్తిరీత్యా నాకు ఆ ప్రార్థన చాలా నచ్చింది. చట్టం చేయగల వందమందిని ఎదురుగా పెట్టుకుని, వారికి చెప్పవలసిన మాటను ఆయన దేవుడితో చెప్పారు.

ఈ విమర్శకు మూలం కూడా లేఖనాల్లోనే ఉంది. మీరు ఎంత ప్రార్థించినా నేను వినను, మీ చేతులు రక్తంతో నిండి ఉన్నాయి అని యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలో దేవుడే అంటాడు. బట్టా తిండీ లేనివాడితో "సమాధానముగా వెళ్లుము" అని చెప్పి చేతులు దులుపుకునే విశ్వాసం వల్ల ఏం ప్రయోజనమని యాకోబు తన పత్రికలో అడుగుతాడు. గుంటూరు లూథరన్ చర్చిలో సండే స్కూలుకు వెళ్లిన నాకు ఈ వాక్యాలు కొత్త కాదు. ఇక్కడి చర్చల్లో వీటిని ఎవరో హేతువాదులు కనిపెట్టినట్టు మాట్లాడటమే కొత్త.

మినియాపొలిస్‌లో కాల్పులు జరిగిన రోజున నగర మేయర్ జేకబ్ ఫ్రే, ఇప్పుడు ఆలోచనలు, ప్రార్థనలు అంటూ ఊరుకోకండి, ఈ పిల్లలు నిజంగా ప్రార్థిస్తూనే ఉన్నారు కదా అని ఆవేదనతో అన్నారు. ఆయన యూదు మతస్థుడు. ఆ పాఠశాల ప్రిన్సిపల్ కూడా విలేఖరులతో మాట్లాడుతూ, ప్రార్థించేటప్పుడు నీ పాదాలను కదిలించు అనే ఆఫ్రికా సామెతను గుర్తుచేసి, దయచేసి ప్రార్థించండి, కానీ మాటలతో ఆగిపోకండి అని వేడుకున్నారు. కొద్దిరోజులకు పోప్ 14వ లియో తన ఆదివారపు ప్రార్థనలో ఆ పిల్లలను తలచుకుని, లోకాన్ని పట్టిన ఆయుధాల మహమ్మారిని ఆపమని దేవుణ్ణి వేడుకుందామన్నారు. ఈ ముగ్గురిలో ఎవరూ ప్రార్థనను తక్కువ చేయలేదు.

ఇదంతా చెప్పాక రెండో సంగతి కూడా చెప్పాలి. విమర్శకులందరూ ఇంత జాగ్రత్తగా మాట్లాడరు. 2015 డిసెంబరు 2న కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో 14 మంది చనిపోయిన మర్నాడు న్యూయార్క్ డైలీ న్యూస్ పత్రిక, ప్రార్థిస్తామన్న రిపబ్లికన్ నాయకుల సందేశాలను మొదటి పేజీలో అచ్చువేసి, వాటి మధ్య దేవుడు దీన్ని బాగుచేయడం లేదు అనే అర్థం వచ్చే పెద్ద శీర్షిక పెట్టింది. ప్రార్థించేవారిని సిగ్గుపరచడం అనే అర్థంలో ఒక కొత్త పదబంధం వ్యాప్తిలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. ఆ శీర్షిక గురిపెట్టింది నాయకులనే. కానీ ఐసీయూ బయట జపమాల పట్టుకుని కూర్చున్న తల్లి కూడా అదే పత్రిక చదువుతుంది. తాను చేయగలిగిన ఒకే ఒక్క పనిని ఎవరో ఎగతాళి చేశారని ఆమెకు అనిపిస్తే, నీకు సరిగా అర్థం కాలేదమ్మా అని నేను చెప్పలేను.

అపోహ: "ఆలోచనలు, ప్రార్థనలు" అనేది ఒక పార్టీవారి మాట.

రెండు పార్టీల అధ్యక్షులూ ఈ మాటను దశాబ్దాలుగా వాడారు. 2015 అక్టోబరు 1న ఒరెగాన్‌లోని ఒక కాలేజీలో తొమ్మిది మంది మరణించినప్పుడు, మన ఆలోచనలూ ప్రార్థనలూ ఇక సరిపోవని చెప్పిన ఒబామా కూడా అంతకు ముందు ఎన్నోసార్లు అవే మాటలతో సంతాపం తెలిపినవారే. ఈ మాట కాలక్రమంలో అరిగిపోయిందని ఆయనకే తెలిసి ఉండాలి.

అపోహ: ప్రార్థించేవారు చట్టం చేయరు, చట్టం కోరేవారు ప్రార్థించరు.

శాన్ బెర్నార్డినో ఘటన రోజున డెమోక్రాట్ సెనేటర్ క్రిస్ మర్ఫీ, మీరు మళ్లీ ఏమీ చేయకపోతే మీ ప్రార్థనలు క్షమాపణ కోసం కావాలి అని ఘాటుగా రాశారు. 2017 నవంబరు 5న టెక్సాస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరిలో బాప్టిస్టు చర్చిలో, గర్భస్థ శిశువుతో కలిపి 26 మంది మరణించారు. హంతకుడికి గృహహింస కేసులో సైనిక న్యాయస్థానం వేసిన శిక్షను వైమానిక దళం ఎఫ్‌బీఐ రికార్డులకు పంపలేదని, అందువల్లే అతను దుకాణంలో తుపాకులు కొనగలిగాడని తర్వాత బయటపడింది. ఆ లోపాన్ని సరిచేసే చట్టాన్ని ప్రతిపాదించిన సెనేటర్లలో ముఖ్యులు ఇదే మర్ఫీ, టెక్సాస్ రిపబ్లికన్ జాన్ కోర్నిన్. అది 2018 మార్చిలో చట్టమైంది. 2022 మే 24న టెక్సాస్‌లోని యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు చనిపోయాక, నెల తిరిగేసరికి సెనేట్ 65-33 ఓట్లతో ఆమోదించిన తుపాకుల చట్టం మీద చర్చలు జరిపినవారిలోనూ వీరిద్దరూ ఉన్నారు. టీవీలో తగవు ఎంత పెద్దదైనా, కాగితం మీద పని జరిగినప్పుడు రెండు వైపులవారూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.

కాల్పుల తర్వాత అసలేమీ జరగదనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. సామూహిక కాల్పులు జరిగిన రాష్ట్రంలో తుపాకుల మీద ప్రవేశపెట్టే బిల్లుల సంఖ్య సుమారు 15 శాతం పెరుగుతుందని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అయితే రిపబ్లికన్ల ఆధిక్యం ఉన్న శాసనసభల్లో నిబంధనలను సడలించే చట్టాలే పెరుగుతాయని కూడా అదే అధ్యయనం తేల్చింది. ఫ్లోరిడా వేరే దారి పట్టింది. 2018 ఫిబ్రవరి 14న పార్క్‌ల్యాండ్‌లో 17 మంది చనిపోయిన తర్వాత, మూడు వారాలు దాటీ దాటకముందే రిపబ్లికన్ గవర్నర్ తుపాకీ కొనుగోలు వయసును 21కి పెంచే చట్టంపై సంతకం చేశారు.

ప్రార్థన, చట్టం రెండూ ఎదురుబొదురుగా కాకుండా పక్కపక్కన నడవడం చూడాలంటే న్యూజిలాండ్‌ను చూడాలి. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో 51 మంది హతులయ్యారు; వారిలో హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. నాలుగు రోజులకు ఆ దేశ పార్లమెంటు ఒక ఇమాం ప్రార్థనతో మొదలైంది. మరుసటి శుక్రవారం అజాన్‌ను దేశమంతటా ప్రసారం చేశారు. మార్మన్ కుటుంబంలో పెరిగి ఆ మతాన్ని విడిచిపెట్టిన ప్రధాని జసిండా ఆర్డెర్న్ తలపై గుడ్డ కప్పుకుని వేలమంది మధ్య నిలబడి ప్రవక్త మాటను ఉటంకించారు. ఏప్రిల్ 10న సెమీ ఆటోమేటిక్ ఆయుధాల్లో అత్యధిక శాతాన్ని నిషేధించే బిల్లు 119-1 ఓట్లతో నెగ్గింది. ఆ ప్రార్థనలు ఎందుకన్న ప్రశ్న అక్కడ పెద్దగా తలెత్తలేదు, ఎందుకంటే ప్రార్థించిన సభే ఓటు కూడా వేసింది.

ప్రార్థన వల్ల నష్టమేమిటి అని అడిగే నా తోటి విశ్వాసులకు నచ్చని సంగతి ఒకటుంది. తుపాను బాధితుల కోసం ముందుగా ప్రార్థించినవారు ఆ తర్వాత వారికి ఇచ్చే విరాళం తగ్గినట్టు లిండా థన్‌స్ట్రోమ్ అనే ఆర్థిక శాస్త్రవేత్త చేసిన ప్రయోగంలో తేలింది. ఒక్క ప్రయోగంతో అంతా తేలిపోదు, అది కాల్పులకు సంబంధించినదీ కాదు. అయినా ప్రార్థన ముగించి లేచినప్పుడు మన పని అయిపోయిందన్న తృప్తి లోలోపల కలుగుతుందని నాకు స్వానుభవం ఉంది కాబట్టి, ఆ ఫలితాన్ని నేను తోసిపుచ్చలేను.

అపోహ: "మీ కోసం ప్రార్థిస్తాం" అంటే వినేవారికి ఎవరికైనా ఊరటే.

అదే థన్‌స్ట్రోమ్, సామాజిక శాస్త్రవేత్త షిరి నోయ్‌తో కలిసి 2019లో ప్రచురించిన మరో అధ్యయనం నార్త్ కరోలినాలో ఫ్లోరెన్స్ తుపాను తర్వాత జరిగింది. ఒక మతగురువు తమ కోసం ప్రార్థించడానికి క్రైస్తవులు సగటున ఏడు డాలర్లకు పైగా విలువ కట్టారు. మత విశ్వాసం లేనివారు తమ కోసం ప్రార్థించకుండా ఉండటానికే ఎదురు డబ్బు వదులుకోవడానికి సిద్ధపడ్డారు. క్రైస్తవుడైన అపరిచితుడు ప్రార్థించకుండా ఉండటానికైతే వారు మూడున్నర డాలర్లు వదులుకుంటామన్నారు. ప్రార్థనకు ధర కట్టడమేమిటని నవ్వుకోవచ్చు గానీ, మా శిక్షణలో మొదటి నెలలో నేర్పే పాఠం ఇదే.

చాప్లెయిన్ శిక్షణలో ఒక్కో విడత 400 గంటలు ఉంటుంది. బోర్డు ధ్రువీకరణకు అలాంటివి నాలుగు పూర్తిచేయాలి. మొదటి విడతలో ఒక రాత్రి, కొడుకును పోగొట్టుకున్న ఒక పెద్దాయన గదిలోకి వెళ్లి, అడగకుండానే తలవంచి ప్రార్థన మొదలుపెట్టాను. ఆయన నా మాట మధ్యలోనే లేచి, తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. అప్పటి నుంచి ముందు అడుగుతాను. అడిగినప్పుడు వచ్చే జవాబులు నా ఊహకు అందేవి కావు. మరో రాత్రి ఒక తెలుగు దంపతులు నా మెడలోని గుర్తింపు కార్డు మీద చాప్లెయిన్ అనే మాట చూసి, మతం మార్చడానికి వచ్చిందేమోనన్నట్టు ముడుచుకుపోయారు. తెలుగులో పలకరించి, "మీకేం కావాలో చెప్పండమ్మా" అన్నాక, ఆ తల్లి చాలాసేపటికి, విష్ణు సహస్రనామం పెట్టుకుందామంటే ఫోనులో చార్జింగ్ లేదని చెప్పింది. నేను నర్సుల దగ్గర నుంచి చార్జర్ తెచ్చి, తెల్లవారే దాకా ఆ గదిలో కూర్చున్నాను. ఆ రాత్రి నా నోటితో నేను ఒక్క ప్రార్థన కూడా చేయలేదు.

ఆ గదిలో మాట్లాడేటప్పుడు నాకు ఎవరి మీదా అధికారం లేదు. శాసనసభ్యుడికి ఉంది. అందుకే నేను "మీ కోసం ప్రార్థిస్తాను" అన్నప్పుడు అది తోడుండటం అవుతుంది. ఓటు హక్కు ఉన్న సభలో కూర్చునే వ్యక్తి అదే మాటను కెమెరా ముందు అన్నప్పుడు, అది ప్రార్థనతో పాటు ఒక ప్రకటన కూడా అవుతుంది. ప్రకటనను ప్రశ్నించే హక్కు పౌరులకు ఉంటుంది. రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే నాయకుడికి తగలవలసిన విమర్శ తల్లికి తగులుతోంది, తల్లికి దక్కవలసిన గౌరవాన్ని నాయకుడు కప్పుకుంటున్నాడు.

అపోహ: ఆరాధనలో ఉన్నవారే చనిపోయారంటే ప్రార్థన వ్యర్థమని తేలిపోయినట్టే.

2012లో ఓక్ క్రీక్ గురుద్వారా, 2015లో చార్ల్స్‌టన్‌లోని నల్లజాతీయుల ఇమ్మాన్యుయేల్ చర్చి, 2018లో పిట్స్‌బర్గ్ యూదు ప్రార్థనా మందిరం, 2025లో మినియాపొలిస్: ఈ వాదనకు ఉదాహరణలకు కొదవ లేదు. చార్ల్స్‌టన్‌లో బైబిలు అధ్యయనం ముగించి అందరూ చివరి ప్రార్థనకు కళ్లు మూసుకున్నప్పుడే కాల్పులు మొదలై, తొమ్మిది మంది చనిపోయారు. కానీ ప్రార్థనను కవచంగా భావించే విశ్వాసులు నేను చూసినవారిలో తక్కువ. రెండు రోజుల తర్వాత ఆ మృతుల బంధువుల్లో కొందరు కోర్టులో హంతకుణ్ణి క్షమిస్తున్నామన్నారు, అదే వేసవిలో దక్షిణ కరోలినా శాసనసభ ఆవరణ నుంచి, ఒకప్పుడు బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ జెండా దిగింది. క్షమాపణ వల్లే జెండా దిగిందని నేను అనను. ఆ కుటుంబాల ప్రార్థనను రక్షణ కవచంలా లెక్కవేసేవారు మాత్రం ఆ కుటుంబాలు చెప్పింది విననట్టే.

అపోహ: మన తెలుగువారికి ఈ సమస్య లేదు.

"మా ఆలోచనలు, ప్రార్థనలు మీతో" అనే వాక్యం తెలుగులో అతకదు, నిజమే. మనకు "తీవ్ర దిగ్భ్రాంతి", "ప్రగాఢ సానుభూతి" ఉన్నాయి. ప్రమాదం జరిగిన అరగంటలో ప్రతి నాయకుడి పేరుతోనూ అవే మాటలు వెలువడతాయి. ఒక తేడా ఉంది: మన పత్రికల్లో దిగ్భ్రాంతి తర్వాతి వాక్యం సాధారణంగా ఎక్స్‌గ్రేషియా గురించి ఉంటుంది, పాఠకుడి కన్ను కూడా నేరుగా ఎన్ని లక్షలన్న చోటికే వెళుతుంది. ఇదంతా చెప్పి చూస్తే మా పెద్దమ్మ, "అయితే అక్కడ రెండో వాక్యం లేకపోవడమేనా గొడవ?" అంది. దాదాపు అంతే పెద్దమ్మా అన్నాను.