డిస్‌ప్లే రాకపోతే ప్రాసెసర్ కాలిపోయినట్టేనా? ఓవర్‌క్లాకింగ్‌పై అపోహలు – వాస్తవాలు

విజయవాడలో కంప్యూటర్లు అసెంబుల్ చేయడం, మరమ్మతు చేయడం నా వృత్తి. వేసవి సెలవులు మొదలైతే చాలు, "ఓవర్‌క్లాక్ చేశానండీ, ప్రాసెసర్ కాలిపోయింది" అంటూ క్యాబినెట్ మోసుకొచ్చే విద్యార్థులు వారానికి ఒకరైనా కనిపిస్తారు. ఓవర్‌క్లాక్ అంటే కంపెనీ నిర్ణయించిన స్పీడును మించి ప్రాసెసర్‌ను నడపడం. నేను చూసినవాటిలో నిజంగా కాలిపోయిన ప్రాసెసర్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాలిపోయిందన్న మాట నమ్మి, బాగున్న ప్రాసెసర్‌ను పక్కన పడేసి కొత్తది కొన్నవారు మాత్రం చాలామంది ఉన్నారు. అందుకే ఈ ఒక్క విషయాన్ని వివరంగా చెప్పి, మిగిలినవాటిని క్లుప్తంగా ముగిస్తాను.

అపోహ: బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే మదర్‌బోర్డులో మొదట నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో) స్పీడు పెంచి సేవ్ చేశాక డిస్‌ప్లే రాకపోతే ప్రాసెసర్ పోయినట్టే.

వాస్తవం: మీరు ఇచ్చిన సెట్టింగులతో బోర్డు స్టార్ట్ కాలేకపోతోందని మాత్రమే దాని అర్థం. ఆ సెట్టింగులు బోర్డులోనే నిల్వ ఉంటాయి కాబట్టి ఎన్నిసార్లు ఆన్ చేసినా అదే స్థితి ఎదురవుతుంది. చాలా బోర్డులు రెండు మూడుసార్లు వాటంతట అవే ఆగి, మళ్లీ మొదలై, చివరకు పాత సెట్టింగులకు తిరిగి వస్తాయి. చవక బోర్డుల్లో కొన్ని అలా రాలేవు. అప్పుడు చేయవలసింది సీమాస్ క్లియర్, అంటే బోర్డు దాచుకున్న ఆ సెట్టింగులను చెరిపేయడం. పవర్ కార్డు పూర్తిగా తీసేసి, లోపల మిగిలిన కరెంటు పోయేలా పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, బోర్డు మాన్యువల్‌లో సీమాస్ క్లియర్ కోసం చూపిన రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొసతో పది సెకన్లు కలపాలి. పిన్నులు దొరకకపోతే రూపాయి బిళ్లలాంటి ఆ గుండ్రటి బ్యాటరీని తీసి ఐదు నిమిషాలు ఆగి పెట్టినా సరిపోతుంది. ఆ తర్వాత మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను బోర్డు మళ్లీ సరిచూసుకుంటుంది కనుక ఒకటి రెండు నిమిషాలు తెర నల్లగా ఉండవచ్చు. ఆ సమయంలో కంగారుపడి స్విచ్ ఆపవద్దు.

గత మే నెలలో బీటెక్ రెండో సంవత్సరం చదివే ఒక అబ్బాయి తన తల్లితో కలిసి వచ్చాడు. ఏఎండీ కంపెనీ రైజెన్ 3 1200 ప్రాసెసర్, బీ450 బోర్డు, చిన్న గ్రాఫిక్స్ కార్డు. అన్నీ సెకండ్ హ్యాండ్‌లో ఒక్కొక్కటిగా కొని కూర్చుకున్నవి. అంతకుముందు చూపించిన షాపులో ప్రాసెసర్ కాలిపోయిందని, మార్చాలని చెప్పారట. ఆ అబ్బాయి తల ఎత్తలేదు. ఆమె మాత్రం "తమ్ముడూ, వాడు చదువుకోసమే చేశాడు, ఎంతవుతుందో చెప్పు, చూద్దాం" అన్నారు. నేను అతణ్ణి ఏం మార్చావని అడిగితే, స్పీడు 3.8 గిగాహెర్ట్జ్‌కు పెంచానని, పనిలో పనిగా ర్యామ్‌కు ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేశానని చెప్పాడు. ర్యామ్ 3200 వేగానిది, మొదటి తరం రైజెన్‌కు ఏఎండీ అధికారికంగా ఇచ్చిన ర్యామ్ వేగం 2666 మాత్రమే. 3200 దగ్గర ఆ తరం ప్రాసెసర్లు అన్నీ నిలవవు. సీమాస్ క్లియర్ చేసి, ఆన్ చేసి, ఇద్దరినీ కూర్చోబెట్టాను. సుమారు నలభై సెకన్ల తర్వాత తెర మీద బోర్డు లోగో వచ్చింది. కాలిపోయింది ఏదీ లేదు.

ఈ అపోహ ఇంతగా పాతుకుపోవడానికి ఒక కారణం ఉంది. కొత్త ప్రాసెసర్ బిగించినప్పుడు బోర్డు దానిని గుర్తించి మీరు మార్చిన సెట్టింగులను సాధారణంగా తానే వదిలేస్తుంది. కొందరు ఆ పనిలో బ్యాటరీ కూడా తీసి పెడతారు. దాంతో డిస్‌ప్లే వస్తుంది, పాతది కాలిపోయిందన్న మాట రుజువైనట్టు కనిపిస్తుంది. డబ్బు కట్టేముందు మీ పాత ప్రాసెసర్‌నే సీమాస్ క్లియర్ చేసిన బోర్డులో మీ కళ్లముందు ఒకసారి పెట్టి చూపమని అడగండి. అడిగే హక్కు మీకుంది.

అయితే ప్రమాదం అసలే లేదని నేను అనడం లేదు. స్పీడు పెంచినంత మాత్రాన ప్రాసెసర్ దెబ్బతినదు, హద్దు మీరిన వోల్టేజీ వల్ల దెబ్బతింటుంది. ప్రాసెసర్ తీసుకునే విద్యుత్తు స్పీడుకు అనులోమంగాను, వోల్టేజీ వర్గానికి అనులోమంగాను పెరుగుతుంది. ఉదాహరణకు 1.2 వోల్టుల దగ్గర 3.1 గిగాహెర్ట్జ్‌తో నడిచేదాన్ని 1.4 వోల్టులకు, 3.8 గిగాహెర్ట్జ్‌కు తీసుకువెళితే స్పీడు 23 శాతం పెరుగుతుంది, విద్యుత్తు ఖర్చు మాత్రం సుమారు 67 శాతం పెరుగుతుంది. ఆ భారం పడేది ప్రాసెసర్ ఒక్కదాని మీదే కాదు. దాని పక్కనే ఉండి దానికి కరెంటు అందించే మాస్‌ఫెట్లనే చిన్న భాగాల మీద, క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎస్ (సిస్టమ్ మొత్తానికి కరెంటు ఇచ్చే పెట్టె) మీద కూడా. చవక బోర్డుల్లో ఆ మాస్‌ఫెట్లకు హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు ముక్క) కూడా ఉండదు. వేడి ఎక్కువైతే ప్రాసెసర్ తన స్పీడు తానే తగ్గించుకుంటుంది, మరీ ఎక్కువైతే ఆగిపోతుంది. కానీ మనం చేత్తో ఇచ్చిన అధిక వోల్టేజీ నుంచి దానికి అలాంటి రక్షణ లేదు. వోల్టేజీని ఆటోమేటిక్ సెట్టింగులో వదిలేయడమూ క్షేమం కాదు, కొన్ని బోర్డులు అవసరానికి మించి ఇస్తాయి. కంపెనీ కూలర్‌తో ఉన్న మొదటి తరం రైజెన్‌ను నేనైతే 1.35 వోల్టులు దాటనివ్వను.

అపోహ: జనవరిలో బాగా నడిచింది కాబట్టి ఇక ఎప్పుడూ నడుస్తుంది.

వాస్తవం: గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడీ ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. గది 28 డిగ్రీలు ఉన్నప్పుడు 75 చూపిన ప్రాసెసర్, అదే పనికి, అదే ఫ్యాన్ వేగానికి, గది 42కు చేరిన మధ్యాహ్నం 90 దగ్గరకు వస్తుంది. మన ప్రాంతంలో సెట్టింగులను పరీక్షించవలసింది ఏసీ గదిలో కాదు, ఆ సిస్టమ్ రోజూ ఉండే గదిలో.

అపోహ: గంటసేపు గేమ్ ఆగకుండా ఆడితే స్టేబుల్ అయినట్టే.

వాస్తవం: ప్రాసెసర్ లెక్కల్లో దొర్లే చిన్న పొరపాటును గేమ్ ఓర్చుకున్నా ఫైలు ఓర్చుకోదు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒకాయన సిస్టమ్ ఒక్కసారీ హ్యాంగ్ కాలేదు, కానీ జిప్ చేసిన ఫైళ్లు తెరుచుకోవడం మానేశాయి. ప్రాసెసర్‌ను పరీక్షించే ప్రైమ్95 ప్రోగ్రామ్‌ను కొన్ని గంటలు, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను ఒక రాత్రంతా నడపండి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ (హార్డ్‌వేర్ లోపాలను తెలిపే) ఎర్రర్ ఒక్కటి కనిపించినా స్పీడు ఒక మెట్టు దించండి.

అపోహ: ఏ ప్రాసెసర్‌నైనా ఓవర్‌క్లాక్ చేయవచ్చు. చేయలేరు. ఇంటెల్‌లో సాధారణంగా పేరు చివర కె ఉన్న ప్రాసెసర్, జెడ్ శ్రేణి బోర్డు రెండూ కావాలి; ఐ3-12100ను హెచ్610 బోర్డు మీద పెట్టి సెట్టింగు కోసం వెతికి ప్రయోజనం లేదు. రైజెన్‌లు చాలావరకు అన్‌లాక్ అయి ఉన్నా ఏ320, ఏ520 బోర్డులు అందుకు అనుమతించవు.

అపోహ: ఓవర్‌క్లాక్ చేస్తే చవక ప్రాసెసర్ ఖరీదైనదానితో సమానమవుతుంది. 1998లో ఇంటెల్ చవక ప్రాసెసర్ సెలెరాన్ 300ఏ బస్‌ను (అది బోర్డుతో సమాచారం పంచుకునే వేగాన్ని) 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మార్చితే 450 మెగాహెర్ట్జ్‌తో నడిచి పెంటియం 2కు దీటుగా నిలిచిన మాట నిజం. ఇప్పుడు ప్రాసెసర్‌లో అలా మిగిలి ఉండే సామర్థ్యాన్ని కంపెనీలే బూస్ట్ (అవసరమైనప్పుడు స్పీడు దానంతట అదే పెరగడం) పేరుతో ముందే వాడేస్తున్నాయి. కూలర్‌కు, మంచి బోర్డుకు అదనంగా పెట్టే డబ్బు పై మోడల్ ప్రాసెసర్‌కు చాలుతుందేమో ముందు లెక్క వేసుకోండి. వారంటీ విషయానికొస్తే, ఓవర్‌క్లాకింగ్ వల్ల కలిగిన నష్టానికి అది వర్తించదు.

ఆ అబ్బాయి సిస్టమ్‌ను ఆ సాయంత్రమే 3.7 గిగాహెర్ట్జ్, 1.3 వోల్టులు, ర్యామ్ 2666 దగ్గర నిలిపి, సీమాస్ పిన్నులు ఎక్కడున్నాయో అతని చేతనే వేలు పెట్టి చూపించుకుని పంపాను. మరుసటి ఆదివారం మిట్టమధ్యాహ్నం ప్రైమ్95 రెండు గంటలు నడిపి, గరిష్ఠంగా 81 డిగ్రీలు చూపిన తెరను ఫొటో తీసి పంపాడు.