నివురు కింద నిప్పు, ఆకుల కింద తాబేలు

విశాఖపట్నం,
నవంబరు మొదటి వారం

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాప అడిగింది: "అమెరికాలో మా పెదనాన్నగారి అబ్బాయి బాక్స్ తాబేలును పెంచుతున్నాడు. నాలుగు రోజుల నుంచి అది కనబడటం లేదట. పెరట్లో మట్టి తవ్వుకుని లోపలికి పోయింది, ఇంక మార్చికే వస్తుందంటున్నాడు. అన్నాళ్ళు తిండి లేకపోతే చచ్చిపోదా తాతయ్యా?"

చచ్చిపోదమ్మా, మీ అన్నయ్య దానికి పడక సరిగ్గా అమర్చి ఉంటే. అందుకే ఈ ఉత్తరం మీ ఇద్దరికీ, మీలాంటి పిల్లలందరికీ రాస్తున్నాను. అన్నయ్యకు తప్పకుండా చదివి వినిపించు.

వాళ్ళుండే నార్త్ కరోలినా ఈ తాబేలును 1979లోనే తమ రాష్ట్ర సరీసృపంగా ప్రకటించుకుంది. మహా అయితే జానెడు ఉంటుంది. దాని కింది డిప్పకు తలుపు బందులాంటి కీలు ఉంటుంది. భయమేస్తే తలా కాళ్ళూ లోపలికి లాక్కుని పెట్టె మూసినట్టు మూసేసుకుంటుంది. ఆ పేరు అలా వచ్చిందే.

మా చిన్నప్పుడు ఇంట్లో అగ్గిపుల్ల దుబారా చేయనిచ్చేవారు కాదు. రాత్రి వంటయ్యాక అమ్మ పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద నివురు కప్పేది. తెల్లారి నివురు కదిపి, కాస్త కొబ్బరిపీచు పెట్టి ఊదితే మంట లేచేది. నివురు పలచగా ఉంటే నిప్పు రాత్రికి రాత్రే కాలి బూడిదయ్యేది. చూరు నీళ్ళు పడితే చప్పున ఆరిపోయేది. తాబేలు నిద్ర అచ్చంగా ఇదే. వేసవిలో తిని ఒంట్లో దాచుకున్న కొవ్వు నిప్పు, మట్టీ ఆకులూ నివురు.

దాని చుట్టూ మట్టి 4 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే నిప్పు కాలీకాలనట్టు రగులుతుంది. గుండె, ఊపిరి బాగా నెమ్మదిస్తాయి. 10 దాటిందంటే ఒంట్లో కొవ్వు ఖర్చవుతూనే ఉంటుంది, తినడానికి మాత్రం తిండి ఉండదు. మన విశాఖలో జనవరి రాత్రుళ్ళు కూడా 17, 18 డిగ్రీలుంటుంది కదా, ఇక్కడ దానికి నిద్రే పట్టదు. సున్నాకు దిగితే గడ్డకట్టే ప్రమాదం. పెద్ద తాబేలైతే ఒంట్లో నీరు కొంత గడ్డకట్టినా కొద్దిరోజులు ఓర్చుకుని మళ్ళీ కదులుతుంది! ఎన్నిసార్లు తలుచుకున్నా నాకది ఆశ్చర్యమే. అయినా పెంచేవాళ్ళు ఆ ఓర్పును పరీక్షించకూడదు.

అసలు ఏ తాబేలును పడుకోనివ్వాలో ముందు చూడాలి. ముక్కు కారుతున్నా, కళ్ళు ఉబ్బినా, ఎత్తితే బోలుగా తేలిగ్గా అనిపించినా ఆ ఏడాది నిద్ర వద్దు. ఇంట్లో వెచ్చగా ఉంచి, తిండి పెడుతూ చలికాలం దాటించాలి. కొత్తగా తెచ్చిన తాబేలుకూ అంతే. వేసవి చివర్లోనే తాబేళ్ళ సంగతి తెలిసిన పశువుల డాక్టరుకు చూపించి, వంటింటి తక్కెడ మీద బరువు తూచి రాసిపెట్టుకోవాలి.

నిద్రకు రెండు మూడు వారాల ముందు తిండి ఆపేయాలి. జాలిపడి చివరి రోజు వానపాము పెట్టడం చాలామంది చేసే పొరపాటు. చల్లారిన పొయ్యిలో పచ్చికట్టె పెడితే పొగ తప్ప మంట రాదు కదా. ఒళ్ళు చల్లబడితే అరుగుదల ఆగిపోతుంది, కడుపులో మిగిలింది కుళ్ళిపోతుంది. నీళ్ళు మాత్రం ఆపకూడదు. రెండు మూడు రోజులకోసారి గడ్డం దాకా వచ్చే గోరువెచ్చని నీళ్ళలో ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాలి. కడుపూ ఖాళీ అవుతుంది, దాహమూ తీరుతుంది.

ఇక గొయ్యి. పెరట్లో మెరకగా ఉన్నచోట మూడడుగుల చదరం, రెండడుగుల లోతు తవ్వాలి. చలికాలపు ఎండ నేరుగా పడేచోటు వద్దు, నాలుగు రోజులు ఎండ కాస్తే వసంతం వచ్చిందనుకుని లేచేస్తుంది. తవ్వాక ఒక బకెట్ నీళ్ళు పోసి చూడండి. తెల్లారినా నీళ్ళు నిలిచే ఉంటే ఆ చోటు వదిలేయాలి. మట్టిలో నీళ్ళు నిండితే గాలికి చోటుండదు, తాబేలు అక్కడే ప్రాణం విడుస్తుంది. నిద్రలో దానికి అక్కర్లేదనిపించేంత తక్కువ గాలి చాలు, కానీ ఆ కొంచెమూ గుల్లమట్టి సందుల్లోంచే రావాలి. అందుకే తవ్విన బంకమట్టి తిరిగి పోయకుండా రెండు వంతులు తోటమట్టి, ఒక వంతు ఇసుక, ఒక వంతు చివికిన ఆకులు కలిపి నింపాలి. కాలితో తొక్కకూడదు. నేల మట్టం కంటే నాలుగు అంగుళాలు ఎత్తు పోస్తే వాననీరు పక్కకు జారుతుంది. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్ళు కారకూడదు. మరీ పొడిగా ఉన్నా చెరుపే, తాబేలు లోపలే ఎండిపోతుంది.

దాన్ని మనం పూడ్చకూడదు. పైన వదిలేస్తే అదే దిగుతుంది, చలి పెరిగేకొద్దీ తనే ఇంకాస్త లోతుకు జరుగుతుంది. అది దిగాక పైన అడుగు మందం ఎండుటాకులు పరవాలి. గట్టి మంచు పడే రోజుల్లో రెండడుగులు. ఎలుకలు, రకూన్లనే అమెరికా అడవి జంతువులు నిద్రపోతున్న తాబేలు కాళ్ళు కొరికేస్తాయి కనుక మట్టి నింపకముందే గోతి అడుగున, చుట్టూ, తాబేలు దిగాక పైన అర అంగుళం కన్నున్న ఇనుపవల బిగించాలి. తాబేలు ఉన్న లోతుకు థర్మామీటరు తీగ దింపి, రీడింగు బయటే చూసుకోవాలి. చూడాలన్న తహతహతో తవ్వి తీయకండి పిల్లలూ. ప్రేమంటే ఒక్కోసారి చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా.

జనవరిలో పైకొచ్చేసిందనుకోండి, తిండి పెట్టకూడదు. ముక్కు, కళ్ళు బాగుంటే తిరిగి ఆకులు కప్పాలి. మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఇంట్లోకి తెచ్చి మెల్లగా వెచ్చబరచాలి, ఆ ఏడాదికి నిద్ర అయిపోయినట్టే. మార్చి, ఏప్రిల్‌లో తనంతట లేచినప్పుడు ముందు గోరువెచ్చని నీళ్ళు, తర్వాతే తిండి. నిప్పును కూడా ముందు మెల్లగానే ఊదుతాం. బరువు పదోవంతు కంటే ఎక్కువ తగ్గినా, వారం గడిచినా తినకున్నా డాక్టరు దగ్గరికే.

ఇదంతా చదివి మన ఇంట్లోనూ ఒక తాబేలు కావాలని అడగకండి. నక్షత్ర తాబేలైనా, చెరువు తాబేలైనా పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. శ్రీకూర్మం వెళ్ళినప్పుడు గుడిలో నక్షత్ర తాబేళ్ళను కళ్ళారా చూడండి. మన చెరువు తాబేలు ఎండాకాలం నీళ్ళు ఇంకిపోతే బురదలో దూరి పడుకుంటుంది. అక్కడ చలికి, ఇక్కడ ఎండకు.

డిసెంబరులో లంబసింగి వెళితే రెండు థర్మామీటర్లు పట్టుకెళ్ళండి. తెల్లవారుజామున ఒకటి ఎండుటాకుల కుప్ప మీద, రెండోది కర్రకు కట్టి కుప్ప లోపలికి, మట్టి తగిలేదాకా. చెయ్యి పెట్టొద్దు, తేళ్ళుంటాయి. పావుగంటయ్యాక తీసి, పైనెంత, కిందెంత ఉందో నాకు రాయండి.

మీ
తాతయ్య